చపాటా బస్తాల నడుమ జపాన్ సినిమా

2020 ఏప్రిల్‌లో మా ముందటి అర్ర నిండా మిర్చి బస్తాలే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మూతబడింది. లాక్‌డౌన్ ఎప్పుడు ఎత్తేస్తారో, ఎత్తేసినంక ధర ఏం పలుకుతుందో ఎవరికీ తెలియదు. నర్సంపేట దగ్గరి మా ఊళ్లో ఆ యేడు చపాటా మిర్చి బాగానే కాసింది. ఏరించి, కల్లంలో ఎండబోసి, తాలు వేరుచేసి, బస్తాలకెత్తి, తీసుకపోయే దారిలేక ఇంట్లోనే పేర్చుకున్నాం. టీవీ ఉన్నదీ ఆ అర్రలోనే. చపాటాకు కారం తక్కువే గానీ ఎండినంక ఘాటుకేం తక్కువ లేదు. ఎవరొచ్చి కూర్చున్నా ముందు తుమ్మి, తర్వాతే టీవీ చూడాలి.

నేను నర్సంపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. బడి బందైంది. అక్క కొడుకు, అప్పుడు తొమ్మిదో తరగతి, ఉప్పల్ నుంచి చుట్టపుచూపుగా వచ్చి మా ఇంట్లోనే చిక్కుకుపోయాడు. బాపు, అవ్వ, నేను, వాడు. వాడి దగ్గర వాళ్ల నాన్న నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డు ఉంది, ఫోన్‌ను టీవీకి కలిపే తెలివి ఉంది. "మామా, నీకు యానిమే చూపిస్తా" అన్నాడు. యానిమే అంటే జపాన్ బొమ్మల సినిమాలు, సీరియళ్లు.

ముందుగా పెట్టింది నరుటో. తనకు ప్రాణమైనదాన్నే మేనమామకు చూపించాలనుకున్నాడు, అందులో వాడి ప్రేమ ఉంది. కానీ నరుటో 220 ఎపిసోడ్లు. అది అయిపోయినంక షిప్పుడెన్ పేరుతో ఇంకో 500. "మొదటి ఇరవై ఓపిక పట్టు మామా, అక్కణ్నుంచి మస్తుంటది" అన్నాడు. ఇరవై ఎపిసోడ్లంటే ఏడున్నర గంటలు. బాపు అంతసేపు ఆగే మనిషి కాదు. కాసేపు చూసి, బర్లకు నీళ్లు పెట్టాలని లేచిపోయాడు.

మర్నాడు అటాక్ ఆన్ టైటన్. మొదటి ఎపిసోడ్‌లోనే ఊరి గోడ పగులుతుంది. కొడుకు చూస్తుండగానే కొండంత ఆకారమొకటి తల్లిని ఎత్తి నోట్లో పెట్టుకుంటుంది. అవ్వ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. "తీసెయ్‌రా అయ్యా, ఇంట్ల గివేం బొమ్మలు" అన్నది. తర్వాతి యేళ్లలో నేను ఆ సిరీస్ చివరిదాకా చూశాను. పగ ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా అప్పు లాగా దిగుతుందో అంత లోతుగా చూపించినవి తక్కువ. అయినా ఆ సాయంత్రం, ఆ అర్రలో, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసింది కాదది.

అప్పటికి ఫోన్లో నాకు కనబడుతున్న 'తప్పక చూడాల్సిన పది' జాబితాలన్నీ దాదాపు ఒక్క తీరుగానే ఉన్నాయి. అవి రాసినవాళ్లు వందలకొద్దీ చూసి, వాటిలోంచి తమకు నచ్చినవి వరసపెట్టినవాళ్లు. కొత్తగా వచ్చేవాడి అవసరం వేరు. వాడికి ఎంత తీరిక ఉంది, పక్కన ఎవరున్నారు, ఏ భాషలో వింటే అర్థమవుతుంది అనే ముచ్చట ఆ జాబితాల్లో లేదు. మా ఇంట్లో అదే అసలు ముచ్చట. మేం చూసేవాటికి అప్పట్లో తెలుగు డబ్బింగ్ లేదు. సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో. బాపుకు తెలుగు పేపరు చదవడం వచ్చు, ఇంగ్లిష్ రాదు. అవ్వకు చదువే లేదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాటలన్నీ తెలుగులో చెప్పాలి. ఆ పని నా మీద పడింది. దాంతో ఎంపికకు నాకొక కొలత దొరికింది: పాత్రల మాటకూ మాటకూ నడుమ నేను చెప్పడానికి సందుండాలి.

ఆ యేడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జపాన్ యానిమే సంస్థ స్టూడియో జిబ్లీ సినిమాలు మూడు విడతలుగా మనదేశంలోనూ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాయి. అన్నీ కలిపి 21. వాటిలో నేను ముందుగా తీసింది మై నైబర్ టోటోరో. హయావో మియజాకీ 1988లో తీసినది. గంటన్నరలోపే అయిపోతుంది. దుర్మార్గుడనేవాడే లేని కథ. ఇద్దరు అక్కచెల్లెళ్లు, తండ్రితో కలిసి పల్లెలో పాత ఇంట్లో దిగుతారు. తల్లి దవాఖానలో ఉంటుంది. పెద్దదాని పేరు సత్సుకి, చిన్నది మే. చెట్ల నడుమ ఒక పెద్ద బొచ్చు జీవం ఉంటుంది, అది పిల్లలకే కనబడుతుంది.

అవ్వ దాన్ని చూసి నవ్వింది గానీ ఆమె మనసు పట్టింది మాత్రం మొక్కజొన్న కంకి మీద. పక్కింటి ముసలామె తోటలో పండినవి తింటే అమ్మకు నయమైతదని విన్న నాలుగేళ్ల మే, కంకిని గుండెకు అదుముకుని ఒక్కతే దవాఖానకు బయలుదేరి దారి తప్పిపోతుంది. ఊరంతా వెతుకుతుంది. చెరువులో పిల్ల చెప్పు దొరికిందంటే ముసలామె చేతులు జోడించుకుని కూర్చుంటుంది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "దొరుకుతదారా?" అన్నది. నాకూ తెలియదు, నేనూ మొదటిసారే చూస్తున్నాను. దొరికినంక అవ్వ కళ్లు తుడుచుకుని అన్న మాట: "గీ పిల్లలు నిజం పిల్లల లెక్కనే ఉన్నరు. మోగ్లీ గుర్తొచ్చిండు."

మోగ్లీ! 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున జంగిల్ బుక్ వచ్చేది. వాడకట్టులో టీవీ ఉన్న ఇంట్లో గడప దాకా పిల్లలం. అవ్వ నన్ను పిలవడానికి వచ్చి, తానూ గోడకానుకుని నిలబడిపోయేది. షేర్‌ఖాన్ గొంతు నానా పటేకర్‌ది, పాట గుల్జార్‌ది, కట్టింది విశాల్ భరద్వాజ్. బొమ్మలు మాత్రం జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు గీసినవి. ఆ సంగతి చెప్తే అవ్వ నమ్మలేదు. "గప్పటి నుంచే సూత్తన్నమా మనం?" అన్నది. ఆమె మొఖంలో కొత్తతనం పోయింది. యానిమే అంటే మేనల్లుడు పట్టుకొచ్చిన పరాయి సరుకు కాదని ఆమెకు ఆ సాయంత్రం నుంచి ధైర్యం. మన దగ్గర ముప్పయి దాటిన వాళ్లెవరైనా యానిమే మాకు కొత్త అంటే, నేనిప్పటికీ ముందు మోగ్లీనే గుర్తుచేస్తాను.

బాపును కూర్చోబెట్టిన సినిమా వేరు. పేరు ఓన్లీ యెస్టర్‌డే, 1991, ఇసావో తకహతా తీసినది. ఆ యేడు జపాన్‌లో స్వదేశీ సినిమాల్లో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసింది అదే. మాయలూ లేవు, కత్తులూ లేవు. టోక్యోలో ఆఫీసు ఉద్యోగం చేసే 27 ఏళ్ల తయెకో, 1982లో సెలవు పెట్టి, బావ తరఫు చుట్టాలింటికి యమగతా పల్లెలకు పోతుంది. పంట పనిచేయాలని ఆమె కోరిక. రాత్రి రైల్లో, పొలంలో, తాను ఐదో తరగతి చదివిన 1966 నాటి ముచ్చట్లు ఆమె వెంట నడుస్తుంటాయి. మేనల్లుడికి పదిహేను నిమిషాల్లో విసుగొచ్చింది. నేను తీసెయ్యబోయేంతలో బాపు "ఉండనీ" అన్నాడు.

తెల్లవారుజామున తయెకో స్టేషన్‌లో దిగుతుంది. తొషియో అనే యువ రైతు ఆమెను చిన్న కారులో ఎక్కించుకుని నేరుగా పొలానికే తీసుకుపోతాడు. మంచు విడుతుంటే కొండవాలు నిండా పసుపు పూలు.

"కుసుమలు గాదుర గవి?" బాపు ముందుకు జరిగాడు.

కుసుమలే. బాపు చిన్నప్పుడు తాత జొన్నచేను అంచుల్లో కుసుమ సాళ్లు వేసేవాడట, ముండ్లకు పశువులు లోపలికి రావని. నూనె పట్టించుకునేవాళ్లట. యమగతా వాళ్లు వేసేది రంగు కోసం. మంచుకు ముండ్లు మెత్తబడి ఉంటాయి కాబట్టి పొద్దెక్కకముందే ఏరాలి. ఏరిన రెక్కల్ని కడిగి, తొక్కి, తడితడిగా నానవేసి, రోట్లో దంచి, బిళ్లలు చేసి ఎండబెడతారు. పసుపుపచ్చని పూవులోంచి ఎరుపు అట్లా వస్తుంది. పూర్వం చేతికి తొడుగు లేకుండా ఏరిన ఆడపిల్లల వేళ్లు చీరుకుని నెత్తురు కారేదనీ, ఆ ఎరుపు పట్నం ఆడవాళ్ల పెదవుల మీదికి పోయేదే గానీ ఏరినవాళ్లు జన్మలో పూసుకోలేదనీ సినిమాలో చెప్తారు.

నేను ఆ మాటలు తెలుగులో చెప్పి ఆగాను. అర్రలో మా చుట్టూ ఉన్న బస్తాల్లో ఉన్నదీ రంగే. చపాటాను కారం కోసం కొనరు. టమాటా లాగా బొద్దుగా ఉండి, కారం తక్కువ, ఎరుపు చిక్కన. పచ్చళ్లకు రంగిస్తుంది. దాన్నుంచి తీసిన రంగు తినుబండారాల్లోకి, సింగారపు సామాన్లలోకి పోతుంది. 2025లో వరంగల్ చపాటాకు జీఐ గుర్తింపు వచ్చింది, అందులో ఆ ఎరుపుకూ వాటా ఉంది. ఏరే ఆడవాళ్లు పొద్దంతా వంగి, రాత్రి మంటెక్కిన వేళ్లకు నూనె రాసుకుంటారు. పసిపిల్లను ఎత్తుకోవాలన్నా జంకుతారు, చెయ్యి కంట్లో తగులుతుందని. అవ్వ ముప్పయ్యేళ్లు అట్లా ఏరిన మనిషి.

"గా పూలు ఏరినోళ్లకు కూలెంత పడుతదట?" అని అడిగింది.

సినిమాలో దానికి జవాబు లేదు. కానీ అంతకుముందు ఏ సినిమా చూసినా అవ్వ కూలి సంగతి అడగలేదు. తెర మీద ఉన్నది నిజం పనే అని నమ్మినందుకే అడిగింది.

బాపును పట్టినది ఇంకో సన్నివేశం. చెట్లు, వాగు, పొలాలు చూసి తయెకో ఎంత అందమైన ప్రకృతి అన్నట్టు మురిసిపోతుంటే, తొషియో ఆమెకు విడమరిచి చెప్తాడు. ఆ అడవీ, ఆ వాగూ, అన్నీ రైతుల చేతులు పడినవే, మనిషీ నేలా ఒకరికొకరు ఒదిగి తరతరాలుగా చేసుకున్నవే అని. బాపు నన్ను ఆపమన్నాడు. "మరి మన పాకాల?" అన్నాడు. నర్సంపేటకు పది పన్నెండు కిలోమీటర్లలో పాకాల చెరువు. చుట్టూ గుట్టలు, అడవి. చూడవచ్చినవాళ్లు దేవుడు పెట్టిన సరస్సనుకుంటారు. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, గుట్టకూ గుట్టకూ నడుమ కట్ట పోసి కట్టిన చెరువది. బాపు తాతలు ఆ కట్ట పనులకు పోయినవాళ్లే. జపాన్ రైతు నోట ఆ మాట విని బాపు చాలాసేపు మాట్లాడాడు, సినిమా ఆగే ఉంది. పాకాల తూములు, కాలువలు, ఏ యేడు అలుగు పోసిందో, ఏ యేడు ఎండిందో. నేను అంతకుముందు ఎరగని సంగతులు. బడిలో కాకతీయుల పాఠం చెప్పేవాణ్ని, నాకూ అవి కొత్త.

మళ్లీ ప్లే చేసినంక అవ్వ ఒకటి పట్టుకుంది: "గా పిల్ల నవ్వినప్పుడల్లా బుగ్గ మీద గీత పడుతాంది సూడు." పెద్ద తయెకో మొఖంలో నిజంగానే నవ్వు గీతలున్నాయి. తకహతా ముందుగా నటుల గొంతులు రికార్డు చేయించి, మాట్లాడేటప్పుడు బుగ్గలు కదిలే తీరును బట్టి బొమ్మలు గీయించాడు. 1966 ముచ్చట్లలో మాత్రం ఆ గీతలుండవు, తెర అంచులు రంగు పూయకుండా వదిలేసినట్టు తెల్లగా కరిగిపోయి ఉంటాయి. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. అవ్వ చదువు లేకుండానే మొదటి చూపులో గీత దగ్గర ఆగింది.

ఆ ఎండాకాలంలో స్పిరిటెడ్ అవే చూశాం, ప్రిన్సెస్ మొనొనొకే చూశాం. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ గురించి మేనల్లుడు బాగా చెప్పాడు. యుద్ధకాలంలో ఆకలికి చచ్చిపోయే అన్నాచెల్లెళ్ల కథ. 1988లో జపాన్ థియేటర్లలో దాన్నీ టోటోరోనూ జంటగా ఒకే టికెట్టు మీద ఆడించారట. ఫైర్‌ఫ్లైస్ కూడా తకహతాదే. నాకు తెలిసి అంతకన్నా బాధపెట్టే బొమ్మల సినిమా లేదు. యానిమేలో అడుగుపెడుతున్న వాళ్లకు మొదటిదిగా దాన్ని నేను చెప్పను. ముందు టోటోరోలో మే దొరికినప్పటి సంతోషం తెలిసినవాళ్లే దాన్ని తట్టుకోగలరు. 2024లో అదీ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నేనూ మేనల్లుడూ చూశాం, అవ్వకు చూపించలేదు.

2022 ఆగస్టులో సోనీ యాయ్ చానల్లో నరుటో తెలుగులో మొదలైంది. మా బడిలో తేడా కొద్దిరోజులకే కనబడింది. అన్నం గంటలో ఏడో తరగతి పిల్లలు వేళ్లు మెలిపెట్టి నింజాల ముద్రలు వేస్తున్నారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ చదవలేక ఊరుకున్న పిల్లలే వాళ్లు. అంతకుముందు యానిమే మాట్లాడేది ఒకరిద్దరే, ఇంట్లో ఫోను, నెట్టు, ఇంగ్లిష్ మూడూ ఉన్నవాళ్లు. మరుసటేడు యానిమే స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ తెలుగు డబ్బింగులు తేవడం మొదలుపెట్టింది. 2024 జనవరిలో సోలో లెవెలింగ్ తెలుగులోనూ వచ్చింది. మూల గొంతుల్లోనే చూడాలి, డబ్బింగ్ పనికిరాదు అనేవాళ్ల మాట నేను విన్నాను. ఇంట్లో అవ్వకు రెండేళ్లు నోటితో డబ్బింగ్ చెప్పినవాణ్ని కాబట్టి ఆ మాటతో ఏకీభవించలేను. అర్థమయ్యే భాషలో కడుపునిండా చూసిన పిల్లవాడు, రేపు కావాలనుకుంటే జపనీస్ గొంతులు వింటాడు.

యానిమే చూస్తానని తెలిసి స్టాఫ్‌రూమ్‌లో అడగడం మొదలుపెట్టారు. లెక్కల సారు నేరపరిశోధన కథలు చదివే మనిషి. డెత్ నోట్ చెప్పాను. పేరు రాస్తే మనిషి చచ్చిపోయే పుస్తకం ఒక తెలివైన విద్యార్థికి దొరుకుతుంది, వాణ్ని పట్టుకోవడానికి అంతకన్నా తెలివైన ఒకడు వస్తాడు. 37 ఎపిసోడ్లలో ముగింపు ఉంది. ఆయన వారంలో ముగించి, ఎత్తుకు పైఎత్తులన్నీ నల్లబల్ల మీద గీసి చూపించాడు. పెద్ద కథ, కానీ పూర్తిగా ముగిసే కథ కావాలన్న కుర్రాళ్లకు ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ చెప్తాను. దీంట్లో ఒక చిక్కుంది. 2003లో తీసినది 51 ఎపిసోడ్లు, అప్పటికి దాని మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, పూర్తికాలేదు కాబట్టి కథ మధ్యలో తమ దారి తాము పట్టారు. 2009లో బ్రదర్‌హుడ్ పేరుతో 64 ఎపిసోడ్లు మాంగాను నమ్ముకుని చివరిదాకా తీశారు. కొత్తవాళ్లకు రెండోదే. నరుటో మొదలుపెట్టిన వాళ్లకు ఫిల్లర్ల సంగతి ముందే చెప్తాను: మాంగా ముందుకు సాగేదాకా కాలం గడపడానికి అల్లినవి, మొదటి నరుటో చివరి భాగమంతా దాదాపు అవే. దాటేస్తే కథకు నష్టం లేదు.

తల్లిదండ్రులకు చెప్పేది ఇంకొకటుంది, అది గట్టిగానే చెప్తాను. బొమ్మలతో తీసినంత మాత్రాన చిన్నపిల్లలదని అనుకోవద్దు. షిన్‌చాన్ మాంగా జపాన్‌లో వచ్చింది పెద్దవాళ్ల పత్రికలో. మన దగ్గర పిల్లల చానల్లో వేస్తే గొడవై 2008లో ఆగిపోయింది, కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి ఫోనిచ్చి 'బొమ్మల సినిమానే కదా' అనే ఇంట్లో, ఆ పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచిన సంగతి నాకు తెలుసు. పక్కన కూర్చుని ఒక ఎపిసోడ్ చూడండి, అరగంట కూడా పట్టదు. ఆరేడేళ్ల పిల్లలకు పోన్యో, కికీస్ డెలివరీ సర్వీస్ ఉన్నాయి.

2025 జనవరి 24న రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ తెలుగులో థియేటర్లకొచ్చింది. అవ్వను ఉప్పల్ తీసుకుపోయి చూపించాం. యూగో సాకో అనే జపాన్ ఆయన 1983లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి మనదేశం వచ్చి, రామాయణం మీద మనసుపడి, మన యానిమేటర్ రామ్ మోహన్‌ను కలుపుకుని తీసిన సినిమా. 1993 నాటికే పూర్తయినా అప్పట్లో మన థియేటర్లకు సరిగా రానేలేదు. దాదాపు లక్ష బొమ్మలు చేత్తో గీశారు. కథ ప్రతి మలుపూ అవ్వకు తెలుసు. అందుకే ఆమె కథ వెంట పరుగెత్తలేదు, నింపాదిగా బొమ్మ చూసింది. కుంభకర్ణుడు నిద్రలేచే తీరు, వారధికి రాళ్లు మోసే కోతులు, సముద్రం రంగు. నేను నోరు విప్పవలసిన అవసరం లేకుండా అవ్వ చూసిన మొదటి యానిమే సినిమా అదే. ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కణ్నుంచి మొదలుపెట్టించాలని అడిగితే, ఆ రోజు నుంచి నా జవాబు ఇదొక్కటే.

అదే యేడు సెప్టెంబర్ 12న డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్ తెలుగులోనూ విడుదలైంది. మేనల్లుడిప్పుడు హైదరాబాద్‌లో బీటెక్. వాడే టికెట్లు తీశాడు. హాలంతా కాలేజీ పిల్లలు. పాత్ర పేరు వినబడితే ఈలలు. నా పక్క సీటులో పదేళ్ల బాబు, వాడి తల్లి. రెండున్నర గంటలకు పైగా సాగే సినిమా, మొదటి నిమిషం నుంచే యుద్ధం నడుమ ఉంటుంది. ముందు కథ తెలియనివాళ్లకు చేయందించదు. షినోబు అనే అమ్మాయి పోరాటం ముగిసే దగ్గర పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తల్లి వాణ్ని దగ్గరికి తీసుకుని అయోమయంగా చూస్తున్నది. ఇంటర్వెల్‌లో నన్నే అడిగింది. "సారూ, గా అమ్మాయి ఎవరో, వీడికేమైతదో నాకు సమజైతలేదు. మొదటికెల్లి సూడాలంటె ఏడ మొదలుపెట్టాలె?"

2019 నాటి మొదటి సీజన్, 26 ఎపిసోడ్లు. దాని తర్వాత ముగెన్ ట్రైన్ సినిమా. ఆ తర్వాత వరసగా ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్, స్వోర్డ్‌స్మిత్ విలేజ్, హషీరా ట్రైనింగ్. అక్కడ ఆగినచోటే ఈ సినిమా మొదలు. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. దుకాణం నడుపుతుందట, "గన్ని సూసే తీరికేడిది" అన్నది.

"ఒక్కటి చూడమ్మా" అన్నాను. "మొదటిది. మంచులో బొగ్గులమ్ముకోవడానికి పోయిన పిలగాడు తెల్లారి ఇంటికొచ్చేసరికి తల్లీ, తోబుట్టువులూ నెత్తుటి మడుగులో ఉంటరు. ఒక్క చెల్లెకు ఊపిరుంటది. దాన్ని వీపు మీదేసుకుని కొండ దిగుతడు. అంతే, ఇరవై మూడు నిమిషాలు. మీ బాబును పక్కన కూర్చోబెట్టుకోండి. రెండోది చూడాలో వద్దో మీకే తెలుస్తది."

ఆమె పాప్‌కార్న్ డబ్బా కొడుక్కిచ్చి నా వైపు తిరిగింది. "మరి గా చెల్లె బతుకుతదా సారూ?"

నేను నోరు తెరిచేలోపే అటునుంచి ఆ బాబు, ఇటునుంచి మా వాడు ఒక్కసారే అరిచారు. "చెప్పొద్దు!"